మౌలాలి గుట్ట మీద పెళ్లిచూపులు

పెళ్లిచూపులకు హోటల్ వద్దంది శ్రీలలిత.

"ఏసీల కూసోని ఒకరి మొహం ఒకరు చూసుకుంట కాఫీ తాగుడు నాతోని కాదు సుకన్యా. మీ అన్నను ఆదివారం పొద్దున మౌలాలి గుట్టకు రమ్మను. ఎక్కుకుంట మాట్లాడుకుంటం."

శ్రీలలిత, సుకన్య బేగంపేటలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. శ్రీలలితకు యాభై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు, అల్వాల్‌లో ఒక్కతే ఉంటుంది. మళ్లీ పెళ్లి మాట ఎత్తింది సుకన్యే. ఆమె అన్న తిరుమల్‌కు బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటల దుకాణం. భార్య పోయాక ఆయనా ఒంటరివాడయ్యాడు.

"మంచోడే అక్కా. కానీ జెర ఎక్కువ మాట్లాడ్తడు. నీకు సందియ్యడు. ఏమనుకోకు," అని సుకన్య ముందే చెప్పి పెట్టింది.

ఆదివారం తిరుమల్ ఇస్త్రీ చొక్కాతో, తళతళలాడే తోలు బూట్లతో వచ్చాడు. గుట్ట వైపు ఒకసారి తలెత్తి చూసి, బూట్ల వైపు చూసుకున్నాడు. సుకన్య మాత్రం మెట్ల దగ్గరున్న చాయ్ హోటల్లో కుర్చీ లాక్కుని, "మీరు పోయి రాండ్రి" అంది.

శ్రీలలితకు ఆ గుట్ట కొత్త కాదు. వారం వారం ఎక్కుతుంది. ఆయనే మొదలుపెడతాడులే అని కాసేపు చూసింది. ఆయన మాట్లాడలేదు. మౌనం బాగుండదని తనే ఆఫీసు సంగతులు షురూ చేసింది. ఆయన "ఊఁ" అన్నాడు. అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ గొడవ చెప్పింది. "ఊఁ". ఈ వయసులో ఈత నేర్చుకోవాలని ఉందంటే నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు. తలూపాడు. అంత శ్రద్ధగా వినే మనిషి దొరికి ఎన్నాళ్లయిందో. చెప్పాలనుకోనిది కూడా చెప్పేసింది. సాయంత్రం ఇంటికి రాగానే చూసినా చూడకపోయినా టీవీ పెట్టేస్తుంది, ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలని.

పైకి చేరి ఓ బండ మీద కూర్చున్నారు. వానలు బాగా పడ్డాయి. ఒక పక్క కాప్రా చెరువు, ఇంకో పక్క దూరంగా సఫిల్‌గూడ చెరువు ఎండకు మెరుస్తున్నాయి. ఇళ్ల మధ్య ఇంకా అక్కడక్కడ నీళ్లు, వాటి మీద పచ్చగా గుర్రపుడెక్క. గాలి చల్లగా వీస్తోంది.

"మీరు బాగ మాట్లాడ్తరని సుకన్య చెప్పింది. ఇంత ఓపికతోని వింటరని చెప్పలే," అంది శ్రీలలిత.

తిరుమల్ మొహం ఎర్రగా కందిపోయింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఆమె ఇచ్చిన సీసాలోని నీళ్లన్నీ తాగి, మూతి తుడుచుకున్నాడు.

"అబద్ధమెందుకు మేడం. ఓపిక కాదు. నాకు దమ్ము సరిపోలే. మాట్లాడుదామనే చూసిన, నోట్ల నుంచి గాలి తప్ప ఏం రాలే."

ఆమె ఆయన వంక చూసి, పకపకా నవ్వేసింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. పక్క బండ మీది వాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"మరి నేను చెప్పింది విన్నరా, లేదా?"

"ఇంకేం పని ఉండె నాకు? అంత విన్న." ఆయన చెరువుల వైపు చూస్తూ గొంతు తగ్గించాడు. "టీవీ ముచ్చట సుత. నాదీ గంతే. రేడియో పెట్టుకొని పండుకుంట."

దిగడం మొదలయ్యాక, ఊపిరి అందేసరికి ఆయనకు మాటలొచ్చాయి. దుకాణానికి రావాల్సిన టమాటల లారీ ఒకసారి మలుపులో బోల్తా పడిన సంగతి ఎత్తుకున్నాడు. డ్రైవర్‌కు దెబ్బ తగల్లేదు గానీ, కాయలన్నీ బస్తీలోకి దొర్లాయి. జనం బకెట్లతో వచ్చి సాయం చేశారు, కొన్ని బకెట్లు మాత్రం లారీ దగ్గరికి కాకుండా ఇళ్లలోకి వెళ్లాయి. సగంలో ఆయనకు అనుమానమొచ్చి ఆగాడు.

"నేనొక్కన్నే మాట్లాడ్తున్న. మీకు తక్లీఫ్ అయితుందా?"

"మోకాళ్లు. ఎక్కేటప్పుడు ఏం గాదు, దిగేటప్పుడే పానం పోతది."

"భుజం పట్టుకోండ్రి."

ఆమె పట్టుకుంది. "చెప్పండి, తర్వాత ఏమైంది?"

"ఏమైతది. ఆ రాత్రి బస్తీ అంత టమాట తొక్కు వాసన. నాకు సుత ఒక గిన్నెల పంపిన్రు."

కింద సుకన్య వాళ్లను, అన్న భుజం మీది చేతిని చూసింది. "ఏమనుకున్నరు?" అని అడిగింది.

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. ఇద్దరూ ఆగారు. "మీరు చెప్పండ్రి" అన్నాడాయన. "లేదు, మీరే" అందామె. సుకన్య ఇంకేమీ అడగకుండా హోటలతన్ని పిలిచి మూడు చాయ్‌లు చెప్పింది.

దసరా పోయాక పెళ్లి పెట్టుకుందామన్న మాట మాత్రం, చాయ్ సగం తాగాక, శ్రీలలితే అంది.