ఎర్ర చీటీ పడ్డ సీట్లు

పోర్ట్ డన్‌మోర్‌లో గోల్ పడితే గోల, పడకపోతే అంతకు రెండింతల గోల. ఉక్కు ఫ్యాక్టరీలో సగం కొలుములు మూతపడ్డా ఊళ్ళో నోళ్ళు మాత్రం మూతపడలేదు. ఊరి ఐస్ హాకీ జట్టు స్టోకర్స్ మంచు మీదికి దిగిందంటే చాలు, ముసలీముతకా అందరి గొంతులకీ వయసొచ్చేస్తుంది.

ఆ గోలలో ఆర్లీన్ హ్రిన్‌చుక్‌కి పుట్టుకతో వచ్చిన వాటా ఉంది. వాళ్ళ నాన్న స్టాన్ కొలిమి దగ్గర ఒళ్ళు కాల్చుకుని సంపాదించిన డబ్బుతో, ఆటలు జరిగే ఎరీనాలో రెండు సీట్లు తీసుకున్నాడు. పై అంతస్తు, మూలమలుపు, తొమ్మిదో వరస, పక్కపక్కన. ఏటేటా సీజన్ టికెట్ డబ్బు కడుతున్నంత కాలం అవి మనవి, మానేస్తే మరొకరివి. నాన్న పోయాక ఇల్లు బ్యాంకుకి పోయింది, కారు తుక్కుకి పోయింది. పోకుండా మిగిలినవి ఆ రెండు సీట్లే. అవి ఆర్లీన్‌కీ, ఆమె తమ్ముడు డేల్‌కీ వచ్చాయి.

పాత ఎరీనా పడగొట్టి కొత్తది కట్టినప్పుడు అదే చోట సీట్లిచ్చారు, వాటికి మెత్తలొచ్చాయి. కూర్చుంటే మెత్తగా ఉండేది, డబ్బు కట్టేటప్పుడు గుచ్చుకునేది. అప్పుడే అక్కాతమ్ముళ్ళు ఊళ్ళో సగంమంది చేసే పని మొదలుపెట్టారు. టొరంటో జట్టో మాంట్రియల్ జట్టో వచ్చిన శనివారం తమ టికెట్లని ఆన్‌లైన్‌లో అమ్మేయడం. ఆ వచ్చిన డబ్బుతో, ఎవరూ చూడని జట్లొచ్చే మంగళవారాలు తాము చూడటం.

"మాంసం అమ్ముకుని బంగాళాదుంపలు తినడమన్నమాట," అనేవాడు డేల్.

"తిను. దుంపలైనా దొరుకుతున్నాయి," అనేది ఆర్లీన్.

తర్వాత దుంపలూ ప్రియమైపోయాయి. ఏటా ధర పెరిగింది. పెరిగినప్పుడల్లా అమ్మే ఆటలు పెరిగాయి, చూసే ఆటలు తరిగాయి. బీరు ఎలాగూ ఎప్పుడో మానేశారు, బీరు కొనాలంటే బీరువా అమ్ముకోవాలి. తమ డొక్కు కారుని చర్చి వెనకాల డబ్బివ్వకుండా పెట్టి మంచులో నడిచేవారు, కాఫీ ఫ్లాస్కు కోటు లోపల దాచి తెచ్చేవారు. ఎన్ని చేసినా చివరికి ఎక్కడికొచ్చారంటే, సీట్లు నిలబెట్టుకోవడం కోసం కూర్చోవడం మానేశారు.

ఈ ఏడాది మరీ కష్టమైంది. ఫ్యాక్టరీలో కోక్ బొగ్గు బట్టీల దగ్గర ముప్ఫై ఏళ్ళు పీల్చిన పొగ డేల్ ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టేసింది. డాక్టరు మింగడానికి గోలీలిచ్చాడు, లాక్కుని తిరగడానికి చక్రాల ఆక్సిజన్ సిలిండరిచ్చాడు. "నన్ను కాపాడే గోల్‌కీపరు కదా, హాకీవాళ్ళ భాషలో ఇది కూడా గోలీయే," అని డేల్ దానికి పేరు పెట్టాడు. పని మానేశాడు. ఆర్లీన్ హార్డ్‌వేర్ షాపులో మేకులమ్మి తెచ్చే జీతంతో ఇద్దరి తిండి, ఇద్దరి అద్దె, ఇద్దరి సీట్లు. అందుకని ఆటలన్నీ దాదాపు అమ్మేసింది. చలికాలం మొత్తంలో ఇద్దరూ కలిసి చూసినవి ఒక చేతి వేళ్ళకి మించవు.

సరిగ్గా ఆ ఏడాదే, పదకొండేళ్ళ తర్వాత, ఆ దిక్కుమాలిన జట్టు నెగ్గడం మొదలుపెట్టింది.

"ప్లేఆఫ్స్‌కి పోతోందే అక్కా," అన్నాడు డేల్, టీవీ ముందు ఊపిరి కూడదీసుకుంటూ. "నేను పోయేలోపు నేనూ ఒక్కసారి పోవాలి. నాన్న సీట్లో కూచోవాలి."

"ఎటు పోవాలో ఒకటి తేల్చుకుని చావరా!"

"రెండూ. ముందు ఎరీనాకి. తర్వాత సంగతి గోలీ చూసుకుంటాడు."

ఆర్లీన్ నవ్వింది. వంటింట్లోకి వెళ్ళాక నవ్వు ఆగిపోయింది. వచ్చే చలికాలం గురించి డాక్టరు డేల్‌తో మాట్లాడటం మానేశాడని ఆమెకి తెలుసు. సరే, ఇన్నాళ్ళూ అమ్మింది ఎందుకు? దీనికోసమే. ప్లేఆఫ్స్ ఆట ఒక్కటీ అమ్మకూడదు. అద్దె ఆలస్యమైనా సరే.

మార్చి చివర్లో ఎరీనావాళ్ళు ఏటా సీట్ల ఆదివారం పెడతారు. ఆట ఉండదు, తలుపులు తెరిచి ఉంటాయి, హాట్‌డాగ్ ఉచితం. ఖాళీ అయిన సీట్లకి ఎర్ర చీటీలు కట్టి ఉంచుతారు. వచ్చే ఏడాదికి కొనాలనుకునేవాళ్ళు వాటిలో కూర్చుని, అటూ ఇటూ ఊగి, మంచు ఎలా కనిపిస్తుందో చూసుకుని, చీటీ తెంపుకెళ్ళి డబ్బు కడతారు. కట్టినవాళ్ళకి ఈ ఏడాది ప్లేఆఫ్స్ టికెట్లు కూడా అప్పుడే ఇస్తారు. సీట్లున్నవాళ్ళు వెళ్ళనక్కర్లేదు. కానీ లిఫ్టు దిగాక తొమ్మిది వరసలు డేల్ ఎక్కగలడో లేదో జనం లేనప్పుడే చూసుకుందామని ఆర్లీన్ వాణ్ణి తీసుకెళ్ళింది.

ఎక్కాడు. రెండు మెట్లకోసారి ఆగాడు. ఆగినప్పుడల్లా మంచు కేసి చూస్తూ, అందం చూడటానికే ఆగినట్టు నటించాడు. గోలీని ఆర్లీన్ మోసింది.

పదో వరసలోంచి ఓ గొంతు ఖంగుమంది. "ఓరి డేల్ వెధవా! బతికే ఉన్నావా?"

గోర్డ్ మాకి. వాళ్ళ వెనక సీటు ముసలాయన. ముప్ఫై ఏళ్ళుగా వీళ్ళ మెడల మీదికి పాప్‌కార్న్ రాలుస్తున్న మనిషి. ఆయనిల్లు ఎక్కడో వీళ్ళకి తెలియదు, వీళ్ళ ఇల్లు ఆయనకి తెలియదు. కానీ స్టాన్ అంత్యక్రియలకి వచ్చి జట్టు కండువా శవపేటిక మీద పరిచినవాడు ఆయనే.

"బతికున్నాను గోర్డ్. నీ పాప్‌కార్న్ బాకీ తీర్చుకోకుండా పోతానా?" అన్నాడు డేల్ ఆయాసపడుతూ.

గోర్డ్ నవ్వబోయి ఆగాడు. ఆయన చూపు ముందు వరస మీదికి పోయింది.

తొమ్మిదో వరసలో, వాళ్ళ సీట్లలో, ముప్ఫై ఐదేళ్ళ వయసున్న మొగుడూ పెళ్ళాం హాట్‌డాగ్‌లు తింటూ కూర్చున్నారు. కుర్చీల చేతులకి రెండు ఎర్ర చీటీలు వేలాడుతున్నాయి.

"బాబూ, పొరపాటున కట్టినట్టున్నారు," అంది ఆర్లీన్. "ఇవి మావి."

కుర్రాడు మర్యాదగా లేచాడు. "అయ్యో, అలాగా అండీ? నా పేరు ఏరన్, ఈమె నీనా. అక్కడ చీటీ ఉందని కూచున్నాం. నిజానికి వీటికోసమే వచ్చాం. ఈ ఏడాది ఎనిమిదిసార్లు ఈ సీట్లలోనే చూశాం. ఎవరో అమ్మేవాళ్ళు, మేం కొనుక్కునేవాళ్ళం."

"ఈ చెయ్యి కొంచెం ఊగుతుంది," అంది నీనా ముచ్చటగా, టేపు చుట్టిన కుర్చీ చేతిని తడుముతూ. "అదీ మాకు అలవాటైపోయింది."

ఆ టేపు చుట్టింది ఆర్లీనే.

డేల్ వెనక్కి తిరిగాడు. "గోర్డ్, వీళ్ళు నీకు తెలుసా?"

గోర్డ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "మంచిపిల్లలు రా. నేనేం చెయ్యను? మీరు రావడం మానేశారు. ఎన్నాళ్ళని ముక్కూమొహం తెలియని మెడల మీద పాప్‌కార్న్ పొయ్యమంటావు?"

కింద నడవలో ట్యాబ్లెట్ పట్టుకుని బ్రేడన్ అనే టికెట్ల కుర్రాడు నవ్వుతూ తిరుగుతున్నాడు. ఆర్లీన్ పిలిస్తే ఆ నవ్వుతోనే వచ్చాడు, పేరడిగాడు, తెర మీద వేలితో రాశాడు. నవ్వు తగ్గలేదు, బిగిసింది.

"ఆర్లీన్ గారూ, మీ ఖాతా మూసేశామండీ. సగంకన్నా ఎక్కువ ఆటలు అమ్మితే కంప్యూటర్ దాన్ని దళారీ ఖాతాగా లెక్కేస్తుంది. టికెట్లు అభిమానులకే దక్కాలన్నది మా ఉద్దేశం."

"దళారీనా? దళారీని కాదు బాబూ, దారి లేనిదాన్ని. అమ్మితేనే కదా మీకు కట్టేది!"

"అర్థమైందండీ. ఫిబ్రవరిలోనే మెయిల్ పంపాం."

"టోపీలు కొనండి, టోపీలు కొనండి అని రోజూ పంపిస్తూనే ఉంటారు. అసలు టోపీ పెట్టిన మెయిల్ అందులో కలిసిపోయింది."

బ్రేడన్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు. "మీరు మళ్ళీ వరసలో పేరు రాయించుకోవచ్చండీ. ఇప్పటికైతే ఆరేళ్ళు పడుతోంది."

"ఆరేళ్ళా!" అన్నాడు డేల్. సిలిండర్ వైపు తిరిగాడు. "ఏంరా గోలీ, ఆగుతావా?"

బ్రేడన్ ట్యాబ్లెట్ కేసి చూసుకున్నాడు.

"మా నాన్న పాత ఎరీనా కట్టినప్పటినుంచీ," అని మొదలుపెట్టింది ఆర్లీన్. బ్రేడన్ తల ఊపుతూనే ఉన్నాడు. ఎదుటివాళ్ళ మాట ఎప్పుడైపోతుందా అని ఎదురుచూసే ఊపు అది. ఆమె మధ్యలోనే ఆపేసింది. అతని వెనక ఇంకో ఇద్దరు, చేతుల్లో ఎర్ర చీటీలతో, డబ్బు కట్టడానికి నిలబడి ఉన్నారు.

డేల్‌కి నిలబడే ఓపిక అయిపోయింది. ఏరన్ ఖాళీ చేసిన సీట్లో, నాన్న సీట్లో, కూలబడ్డాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని మంచుని చూశాడు. యంత్రమేదో మంచుని నున్నగా చేసుకుంటూ పోతోంది. ఆ సీట్లోంచి చూస్తే ఇటువైపు గోల్ సగం కమ్మీ చాటున ఉంటుంది. ఎన్నో గోల్స్ వాళ్ళు చూడనే లేదు, పక్కవాళ్ళ గోల విని గోలెత్తినవే ఎక్కువ.

ఏరన్ ఆర్లీన్ని పక్కకి తీసుకెళ్ళాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను తప్పుగా అనుకోకండి. ఇవి మేం కాకపోతే ఇంకొకరు తీసుకుంటారు. ప్లేఆఫ్స్ మొదటి ఆట మీకే ఇస్తాం. బయట రేటుకన్నా తగ్గించి."

"తగ్గించి ఎంత?"

చెప్పాడు. ఆర్లీన్ నెల అద్దె కన్నా ఎక్కువ.

"ఊరికే ఇవ్వాలని ఉంది," అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. "కానీ మేమూ టొరంటో ఆటలు, మొదటి రౌండూ అమ్మితేనే మిగతావి చూడగలం. పాప పుట్టబోతోంది."

ఆర్లీన్ వాణ్ణి తిడదామనుకుంది. కానీ ఎదురుగా నిలబడ్డది పాతికేళ్ళ కిందటి ఆర్లీన్‌లా కనిపించింది.

"సగం దాటనివ్వకు," అంది. "అమ్మేవి సగం దాటితే నీకూ కడతారు ఎర్ర చీటీ. ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను."

వాడు తలూపాడు. కిందికెళ్ళి కట్టాలని నీనా అప్పటికే చీటీలు తెంపుతోంది. ఒక చీటీ డేల్ మోచేతి కింద ఇరుక్కుంది. "సారీ అండీ," అంటూ మెల్లగా లాగింది. డేల్ మోచెయ్యి ఎత్తి ఇచ్చాడు.

"ఇంటికి పోదాం అక్కా," అన్నాడు. "హాట్‌డాగ్ చల్లారిపోయింది."

దిగేటప్పుడు ఎక్కువసేపు పట్టింది. గోర్డ్ పైనుంచి ఏదో జోక్ అరిచాడు, వినిపించలేదు.

ప్లేఆఫ్స్ మొదటి ఆట ఏప్రిల్లో, బుధవారం సాయంత్రం. ఆర్లీన్ ఏరన్‌కి ఫోన్ చెయ్యలేదు. ఆ ముందు వారమే డేల్‌కి పెద్ద సిలిండర్ వచ్చింది, పడకగదిలోంచి కదపలేనిది. టీవీని ఆ గదిలోకి లాగింది. తమ్ముడి మెడకి షాపులో డిస్కౌంట్‌లో కొన్న జట్టు కండువా చుట్టింది. ఫ్లాస్కులో కాఫీ పోసింది. అలవాటు కొద్దీ దాన్ని కోటు లోపల పెట్టుకొచ్చి, మంచం పక్కన కూర్చున్నాక బయటికి తీసింది.

"పట్టుబడలేదు కదా?" అన్నాడు డేల్. గొంతు గాలితో కలిసి వచ్చింది.

"నాకెవరు అడ్డం?"

ఆట రెండో పీరియడ్‌లో కెమెరా పై అంతస్తు మూలకి తిరిగింది. తొమ్మిదో వరస కనిపించింది. ఏరన్ లేడు, నీనా లేదు. నాన్న సీట్లో పచ్చటోపీ పెట్టుకున్న ఎవడో బలిసినవాడు ఫోన్ చూసుకుంటున్నాడు, పక్క సీట్లో వాడి కోటు కూర్చుంది. వెనక గోర్డ్ మాకి చేతిలో పాప్‌కార్న్ డబ్బా, ఎవరి మెడ మీదా రాలకుండా జాగ్రత్తగా పట్టుకుని ఉన్నాడు.

"వాడెవడు?" అన్నాడు డేల్.

"ఎవడో. కొనుక్కున్నవాడు."

"కోటుకి కూడా సీటు కొన్నాడే!"

స్టోకర్స్ గోల్ కొట్టింది. టీవీలో పద్దెనిమిది వేలమంది ఒక్కసారిగా లేచారు, పచ్చటోపీవాడు కూడా ఫోన్ పట్టుకునే లేచాడు. ఆర్లీన్ చప్పట్లు కొట్టబోయి తమ్ముడి వైపు చూసింది. డేల్ కళ్ళు తెర మీదే ఉన్నాయి. అరవడానికి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని చెయ్యి మాత్రం పైకెత్తాడు.

ఆ చేతిని ఆర్లీన్ పట్టుకుంది. టీవీలో గోల చాలాసేపు సాగింది. గదిలో సిలిండరు బుస.