మూల చిరిగిన కార్డు

మా ఇంట్లో ఇద్దరం తపాలా చెంగయ్య కోసం ఎదురుచూసేవాళ్ళం. మా అత్త తిరుమలమ్మ బాహాటంగా చూసేది, నేను దొంగచాటుగా చూసేదాన్ని. ఆమెకు కావలసింది పటాలంలో ఉన్న కొడుకు కార్డు. నాకూ అదే కావాలి, కాదంటే కళ్ళు పోతాయి. కానీ దాంతోపాటు ఇంకోటి కూడా కావాలి. మద్రాసులో ఒక వారపత్రికకు నేను కథ పంపి ఉన్నాను. వేస్తామనో వెయ్యమనో వాళ్ళు చెప్పాలి.

రంగూన్ పడిపోయిన ఏడు మా ఆయన పటాలంలో చేరాడు. ఎక్కడున్నాడో రాయనివ్వరు. క్షేమమని రెండు ముక్కలు వస్తే, చెంగయ్య మా అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. నాకు చదువొచ్చని తెలిసినా అత్త అతని చేతే చదివించుకునేది. సర్కారు మనిషి చదివితే దానికొక నమ్మకమట. నాకు ఒళ్ళు మండేది. చంద్రగిరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, మొగుడి ఉత్తరాన్ని పక్కింటిదానిలా తలుపు చాటున నిలబడి వినాలి.

ఆ మంటలోంచే కథ పుట్టింది. అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తారంటారు, నేను కాగితం మీద చూపించాను. సామాన్ల గది తాళంచెవి నడుముకు కట్టుకుని, స్నానానికి పోయినా విప్పని ఒక అత్త కథ అది. అందులో కోడలు పిడికెడు చింతపండుకు కూడా చెయ్యి చాచాలి. మధ్యాహ్నం మా అత్త కునుకు తీసేటప్పుడు కూర్చుని రాశాను. మధ్యలో లేచి చూసినా, పుట్టింటికి ఉత్తరమనుకుని ఊరుకునేది. చెంగయ్య చేత మాత్రం ఒట్టు వేయించుకున్నాను. మద్రాసు నుంచి నాకేదైనా వస్తే అది చదవకూడదు, ఎవరు రాశారో చెప్పకూడదు, నోరు మెదపకుండా ఇచ్చిపోవాలి.

ఉగాదికి పంపిన కథ. వేరుశెనగ విత్తే రోజులొచ్చినా ఉలుకూ పలుకూ లేదు. యుద్ధంతో కాగితం కరువైందనీ, పత్రికలు పలచబడ్డాయనీ తెలుసు. అయినా మనసు ఊరుకుంటుందా? పొద్దున వేస్తారనిపించేది, సాయంత్రానికి చెత్తబుట్టలో పడి ఉంటుందనిపించేది. ఊళ్ళో గొప్ప కోసం కాదు. ఆ ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు. నేను చెప్పింది ఎక్కడో ఒకరు విన్నారని తెలిస్తే చాలుననిపించేది.

ఆ రోజు విత్తనాలు వేసేవాళ్ళకు సంగటి తీసుకుని చేనికి పోయాను. తిరిగి వచ్చేసరికి అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మండుతోంది గానీ దాని మీద ఏమీ లేదు. గంప దించి, ఏమయిందని అడిగాను.

"కార్డు వచ్చింది" అంది. "మూల సినిగి ఉండాది."

చావు కబురు రాసిన కార్డుకు ఒక మూల చింపి పంపడం మా వైపు వాడుక. అది వస్తే గడప బయటే చదివించుకుని, చించి పారేసి, తలకు పోసుకునే లోపలికి రావాలి. అత్త తల పొడిగానే ఉంది. చీర కూడా పొద్దున కట్టిందే.

చెంగయ్య ఏం చదివాడని అడిగాను. అతను చదవలేదట. ఆమె చదవమని అడిగినా తల వంచుకుని, చేతిలో పెట్టి, గబగబా పోయాడట. ఇన్నేళ్ళలో అతను అలా పోయింది లేదట. మరి కార్డేదని అడిగితే పొయ్యి వైపు చూసింది.

"సదివితే గదా నిజమయ్యేది. ఎవురూ సదవలేదు. నేను నీళ్ళు పోసుకోలేదు. నా కొడుకు యాడో సల్లగా ఉండాడు."

నేను ఆమె పక్కనే కూలబడ్డాను. చెంగయ్య ఎందుకు చదవలేదన్న ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది. చివరికి అతని చేత వేయించుకున్న ఒట్టు గుర్తొచ్చింది. కార్డు మీద ఏమైనా బొమ్మ ఉందేమోనని అత్తను అడిగాను. పైన నెమలి అచ్చేసి ఉందని చెప్పింది.

ఆ నెమలి వారపత్రికవాళ్ళది, ప్రతి అట్ట మీదా ఉంటుంది. పటాలంవాళ్ళు నెమళ్ళు అచ్చేసుకోరు. యుద్ధకాలపు కార్డులు తమలపాకు కన్నా పలచన, దారిలో ఏ సంచిలోనో ఒరుసుకుని మూల ఊడి ఉంటుంది. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఆ కార్డు నాకొచ్చిందని, నేను కథ రాశానని, చెంగయ్య నోరు కట్టేసింది నేనేనని అంతా చెప్పేశాను.

అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని తనివితీరా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, నీ జవాబు నేను కాల్చేశానా అని అడిగింది. జవాబే కాలిందని, కథ ఇంకో ప్రతి నా పెట్టెలో ఉందని చెప్పాను. వాళ్ళు వేస్తామన్నారో వద్దన్నారో ఆ బూడిదకే తెలియాలి. వద్దన్నా నాకప్పుడు బాధ లేదు. ఆ కార్డు మద్రాసుది, అంతే చాలు.

కథ చదవమంది. నేను నసిగాను. ఆమెను నిలువునా ఏకిన కథ అది. కానీ దాచే ఓపిక కూడా అయిపోయింది, తెచ్చి చదివాను. తాళంచెవి మాట రాగానే ఆమె చెయ్యి నడుము మీదికి పోయింది. చింతపండు దగ్గర గొంతు సవరించుకుంది. నేను తలెత్తకుండా చివరిదాకా చదివేసి, తిట్లకు సిద్ధంగా కూర్చున్నాను.

"బాగానే ఏకినావు" అంది. "అందురూ ఉండారు. నా కొడుకును మాత్రం యాడా పెట్టలేదే?"

నిజమే. రాసేటప్పుడు ఆయన దాకా వస్తే చెయ్యి ఆగిపోయేది. ఏం రాస్తే ఏమవుతుందోనని భయం. ఆయన వచ్చాక రాస్తానన్నాను.

"వొద్దు. ఇప్పుడే పెట్టు. తిరిగొచ్చినట్టు రాయి పాపా."

రాశాను. ఆయన చంద్రగిరి స్టేషన్లో రైలు దిగాడు. కోట పక్క దారిన నడిచి, మా వీధి మలుపు తిరిగాడు. పాత కథ సంగతి మళ్ళీ అడుగుతూ పత్రికకు కార్డు వేశాను గానీ, దీన్ని ఎవరికీ పంపలేదు. సాయంత్రం దీపం పెట్టేముందు అరుగు మీద కూర్చుని అత్తకు చదివేదాన్ని. ఆయన చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టే చోటు రాగానే ఆమె నా మోచెయ్యి పట్టుకునేది.

"ఆడ ఇంకోసారి సదువు" అనేది.