కొరియా వకీలమ్మ, ఉప్పుగూడ బర్రెలు

ఉప్పుగూడలో ఆరు బర్రెలు పెట్టుకుని పాలమ్ముకునే పుష్పమ్మకు కొరియా దేశం ఏ దిక్కున ఉందో తెలియదు. ఆ దేశపు వకీలమ్మ ఎక్కడ తప్పు చేసిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది.

ఆ సీరియల్ పెట్టి చూపించింది ఆమె కూతురు అమలే. అమల లా చదివి పోయినేడే నల్లకోటు వేసుకుంది. వాళ్ల గల్లీలో ఆ కోటు తొడిగిన మొదటి ఆడపిల్ల. కోర్టులో నువ్వు చేసేదేంది బిడ్డా అని తల్లి అడిగినప్పుడల్లా ఎలా చెప్పాలో తోచక, తెలుగు మాటలు పెట్టిన ఓ కొరియా సీరియల్‌ను టీవీలో పెట్టింది. అందులో ఇద్దరు కుర్ర వకీళ్లు. కోర్టులో ఎదురెదురు పక్షాలు, బయటికొస్తే ప్రేమ. పదహారు భాగాలు. సాయంత్రం పాలు పిండి, వాడుకవాళ్లకు పోసి వచ్చాక పుష్పమ్మ, పక్కింటి ఎల్లమ్మ దాని ముందు చతికిలబడేవారు.

ఆ వకీలమ్మ దగ్గరికి ఎవరు ఏడుస్తూ వచ్చినా ముందు కాగితాలు అడగదు. వేడివేడి చారు గిన్నె ముందర పెట్టి, వాళ్లు తాగేదాకా ఆగుతుంది. అది చూసి పుష్పమ్మ మురిసిపోయింది. మన వకీళ్లు ముందు ఫీజు అడుగుతారు, పేరు తర్వాత అడుగుతారు అంది. ప్రేమ సంగతీ ఆమెకు నచ్చింది. కొత్త చెప్పులు కరిచి వకీలమ్మ కుంటుతుంటే, ఆ పిల్లగాడు మందు పట్టీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయాడు. మన హీరో అయితే ఈపాటికి ఆ కాలు పట్టుకుని కొండ మీద పాటందుకునేవాడని ఎల్లమ్మ తేల్చింది. అన్నిటికన్నా, ఆమె వాదిస్తుంటే ఎదురు పక్షంలో కూర్చున్న అతను నవ్వడు, శ్రద్ధగా వింటాడు. మగవాడికి అంతకన్నా సింగారం ఏముందని పుష్పమ్మ ఉద్దేశం.

అలాగని వంకలు పెట్టకుండా వదిలే మనిషి కాదు. పొద్దున కేసు వేస్తే సాయంత్రానికి తీర్పొచ్చేస్తుంది, ఇదేం కోర్టు? ఎల్లమ్మ గోడ తగాదా మొదలైనప్పుడు పుట్టిన దూడకు దూడ పుట్టి, దానికీ దూడ పుట్టింది. ఎల్లమ్మకు ఇంకా వాయిదాలే. ఆ జడ్జేమో లోకంలో మరో కేసే లేనట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ ఉంటాడు. వకీలమ్మకు ఎండాకాలంలో కోటేసుకున్నా చెమట పట్టదు, జడలో ఒక్క వెంట్రుకా కదలదు.

ఇవన్నీ క్షమించింది గానీ ఆఖరి భాగాన్ని క్షమించలేకపోయింది. ఆ భాగంలో వకీలమ్మ తల్లి నడిపే పూటకూళ్ల కొట్టు మీద కేసు పడుతుంది. తీరా వాదించే రోజున ఆ తల్లి కూతురి చెయ్యి పట్టుకుని, నువ్వు కూర్చో, ఆ అబ్బాయి మాట్లాడతాడులే అంటుంది. అబ్బాయి మాట్లాడతాడు, గెలుస్తాడు. వకీలమ్మ ఆనందబాష్పాలు రాలుస్తుంది, పైనుంచి మంచు కురుస్తుంది. ఎల్లమ్మ కొంగు తడిసింది. పుష్పమ్మ టీవీ కట్టేసింది.

"పదిహేను భాగాలు నోరున్న పిల్ల, ఇంటి కేసు వచ్చేసరికి మూగదైందా? పిల్ల తప్పు కాదది. గా తల్లికే లేదు బుద్ధి."

ఆ తర్వాత చాలారోజులు పాలు పోసిన ప్రతి గడపలోనూ ఆ కొరియా తల్లికి చీవాట్లు పడ్డాయి. మా అమలను ఎవడూ కూర్చోబెట్టలేడని చివర్లో ఒక ముక్క కలిపేది. కాకిపిల్ల కాకికి ముద్దని వాడుకవాళ్లు నవ్వుకునేవారు.

ఒడ్డున కూర్చుని ఎంత ఈతైనా నేర్పొచ్చు. తనదాకా వస్తే గానీ లోతు తెలియదు.

పక్క జాగా కొన్న ఒక బిల్డరు, బర్రెల కొట్టం కూడా తన కొనుగోలులోదేనని ఒకరోజు జేసీబీ తీసుకొచ్చాడు. గల్లీ అంతా అడ్డం నిలబడితే వెనక్కి పోయాడు గానీ, మళ్లీ వస్తానని చెప్పి మరీ పోయాడు. అమల తల్లి పేరు మీద పురానీ హవేలీ కోర్టులో కేసు వేసింది. కేసు తేలేదాకా కొట్టాన్ని ఎవరూ ముట్టుకోవద్దని జడ్జి అంటే సరే. అనకపోతే మర్నాడే జేసీబీ వస్తుంది. మొగుడు పోయాక పుష్పమ్మకు ఆ బర్రెలే ఆధారం. అమల చదువూ ఆ పాలతోనే గడిచింది. కొట్టం పోతే వాటిని కట్టేసుకోవడానికి ఊళ్లో ఆమెకు జానెడు జాగా లేదు.

వాదనలున్న రోజున పుష్పమ్మకు తోడుగా ఎల్లమ్మ పెళ్లికి వెళ్లే చీర కట్టుకుని బయల్దేరింది. కోర్టు వసారాలో అమల వాళ్లను ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది. కాసేపటికి వేణుమాధవ్ వచ్చాడు. అమల పనిచేసే సీనియర్ దగ్గరే అతనూ పనిచేస్తాడు, కోర్టులో పదేళ్లుగా నలిగిన మనిషి. హీరో వచ్చిండని ఎల్లమ్మ మోచేత్తో పొడిచింది. ఆ హీరోకు పెళ్లయి ఇద్దరు పిల్లలు, చెవుల మీద జుట్టు నెరిసింది కూడా.

సీనియర్ హైకోర్టులో ఇరుక్కుపోయారని వేణుమాధవ్ చెప్పాడు. కేసంతా తయారుచేసింది అమలే, వాదించగలదు కూడా. కానీ అవతల వచ్చింది పేరున్న పెద్ద వకీలు, అమల ఇంతవరకు ఒంటరిగా వాదించలేదు. తనను మాట్లాడమన్నా మాట్లాడతానన్నాడు. ఏ సంగతైనా కేసు వేసినావిడే తేల్చాలన్నాడు. అతని గొంతులో చులకన లేదు, నిజమే చెప్పాడు.

పుష్పమ్మ కూతురి వంక చూసింది. సాయం చేయవే అన్నట్టు చూసింది.

"ఇయ్యాల నేను నీ బిడ్డను కాదమ్మా, నీ వకీల్‌ను. ఎవరు మాట్లాడాలో నువ్వే చెప్పాలె," అంది అమల.

పుష్పమ్మ కళ్ల ముందు ఆరు బర్రెలూ వరసగా నిలబడ్డాయి. వాటి వెనక జేసీబీ. నోరు దానంతటదే తెరుచుకుంది. "సార్, మీరే మాట్లాడుండ్రి," అంది.

అమల ముఖం మాడ్చుకోలేదు. ఫైలు తెచ్చి వేణుమాధవ్ చేతిలో పెట్టి, పక్కన నిలబడి ఒక్కో కాగితం తిప్పుతూ చెప్పసాగింది. బిల్డరు ఏమంటాడు, దానికి మనమేమనాలి, జడ్జిగారు ఏ ప్రశ్న వేయొచ్చు. వేణుమాధవ్ అడ్డం తిప్పి అడిగాడు. తడుముకోకుండా చెప్పింది. ఇంకా కష్టమైనది అడిగాడు. అతని మాట పూర్తి కాకముందే ఆ కాగితం తీసి చూపించింది. మూడోసారి అడగబోయి అతనే నవ్వి ఊరుకున్నాడు.

వింటున్న పుష్పమ్మకు ఆ వాదనలో సగం అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం బాగా అర్థమైంది. ఈ కేసు మొత్తం ఆ పిల్ల నోట్లో ఉంది, ఆ నోటికి తాళం వేసింది తను. ఇన్నాళ్లూ ఉప్పుగూడ గడప గడపలో తిట్టింది ఎవరినో కాదు, తననే. సిగ్గుతో ఆమె ఒళ్లు కాలిపోయింది. భయం మాత్రం పోలేదు. అయినా లేచి వెళ్లింది.

"ఏమనుకోకుండ్రి సార్. గా ఫైలు నా బిడ్డకియ్యుండ్రి."

వేణుమాధవ్ ఇచ్చేశాడు. ఇవ్వడంలో సంతోషమే కనబడింది.

లోపల కేసు పిలిచారు. పేరున్న పెద్ద వకీలు ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. అంత ధారాళంగా మాట్లాడుతుంటే పుష్పమ్మకు గుండె జారింది. తర్వాత అమల లేచింది. మెడ మీద చెమట, చెదిరిన జుట్టు. తెలుగులోనే అందుకుంది. నలభై ఏళ్ల కరెంటు బిల్లులు, నల్లా బిల్లులు ముందుంచింది. ఆ తర్వాత అసలు మాట అంది.

"ఈ స్థలం పోయినేటి నుంచే తన చేతిలో ఉందని ప్రతివాది కోర్టుకిచ్చిన కౌంటర్‌లో రాశారు సార్. అదే స్థలం ఖాళీ చేయించి ఇప్పించమని పోయిన నెల పోలీసులకు అర్జీ పెట్టారు. చేతిలో ఉన్నదాన్ని ఇప్పించమని ఎవరు అడుగుతారు సార్?"

జడ్జి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాడు. పెద్ద వకీలును జవాబు అడిగాడు. ఆయన ఇంగ్లీషు కొంచెం నెమ్మదించింది. కేసు వేసినావిడ వచ్చారా అని జడ్జి అడిగితే, వెనక బెంచీలోంచి పుష్పమ్మ లేచింది.

"ఉన్న సార్. బర్రెలు నావే. వకీలు బీ నా బిడ్డనే."

హాలంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వు దాచుకుని, తలొంచి, స్టెనోకు నాలుగు ముక్కలు చెప్పాడు. వెంటనే ఇంకో కేసు పిలిచారు. మంచు లేదు, పాట లేదు. ఏమైందో తెలియక తల్లీ ఎల్లమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, కేసు తేలేదాకా కొట్టం జోలికి ఎవరూ రాలేరని వేణుమాధవ్ చెవిలో చెప్పాడు. ఎల్లమ్మ అక్కడే భోరుమంది.

వసారాలోకి వచ్చాక అమల గోడకు ఆనుకుంది. ఫైలు ముందు సార్‌కిప్పించి మళ్లీ ఎందుకు తీసుకున్నావని తల్లిని అడిగింది. ఓడిపోయి ఉంటే ఏం చేసేదానివని కూడా అడిగింది.

పుష్పమ్మ కొంగుతో కూతురి మెడ మీద చెమట తుడిచింది.

"ఓడితే బర్రెల కోసం ఏడ్సేదాన్ని బిడ్డా. నిన్ను పక్కకు నిలబెట్టి గెలిస్తే, రోజూ పాలు పిండుకుంట ఏడ్సేదాన్ని."