మామిడెక్కిన పేము

మా పెరట్లోని పేము పొద ముళ్ళతో నా చీరలు మూడు తినేసింది. మూడోది నరసాపురంలో మా అక్క పెట్టిన పట్టుచీర. ఆ రోజే మా ఆయనకి తేల్చి చెప్పేశాను.

"రాజమండ్రి నుంచి కుర్చీలల్లే మనిషిని పిలిపించండి. పనికొస్తుందంటే సరే. లేదంటే ఆ మనిషి గుమ్మం దాటేలోపు దీని మీద గొడ్డలి పడాలి!"

కడియం పక్కన మా ఊళ్ళో అందరూ పూలమొక్కలు వేసుకుంటుంటే, మా ఆయన చంద్రరావుగారు తొంభై రెండులో మూడు పేము మొక్కలు తెచ్చి మామిడిచెట్టు మొదట్లో నాటారు. ఎందుకండీ అంటే నవ్వేవారు. బెత్తాలు పెంచుతున్నాడు, బడిపిల్లలకి మూడిందని ఊరంతా వేళాకోళం. తొమ్మిదేళ్ళు దానికి నీళ్ళు పోశారు, పేడ వేశారు. నా మీద అంత శ్రద్ధ పెట్టి ఉంటేనా!

రాజమండ్రి నుంచి పాపాయి వచ్చింది. పాతికేళ్ళుగా కుర్చీలల్లుతున్న మనిషి. ఆయన పొద్దున్నే కోసి ఉంచిన బెత్తాన్ని మోకాలికి ఆనించి వంచింది. సగం వంగిందో లేదో, చిట్లిపోయింది.

ఆయన మొహం చూడలేకపోయాను. ఈ పొద ఎప్పుడు చస్తుందా అనుకున్న నాకే గుండె కలుక్కుమంది.

"గొడ్డలి తెస్తాలే," అన్నారు నేల చూస్తూ.

"ఉండండి బాబుగారూ," అంది పాపాయి. "ఇది ఎక్కడ కోశారేంటి?"

"చేతికందిన చోట కోశానమ్మా. కాలికి షుగరు పుండు. ముళ్ళలోకి వెళ్ళొద్దని డాక్టరుగారు చెప్పారు."

"అదీ సంగతి! ఇది లేతదండి. ముళ్ళ తొడుగు ఎండి దానంతటదే రాలాలి, అప్పుడే పేము ముదిరినట్టు. ముదురుది పొద లోపలుంటాదండి."

నేను కొంగు బిగించి, కొడవలి అందుకుని పొదలోకి దూరాను.

"నీకెందుకే, చీర చిరిగిపోద్ది!" అని అరిచారు.

"చిరగనివ్వండి! మూడు పోయాయి, నాలుగోది పోతే కొంపలేం అంటుకోవు!"

మోచేతులు గీరుకుపోయాయి. లోపల, మొదట్లో, ముళ్ళన్నీ రాలిపోయి నున్నగా కనబడింది పేము. నరికి, పాపాయీ నేనూ కలిసి లాగాం. పైన కొక్కేల్లాంటి ముళ్ళతో మామిడికొమ్మల్ని పట్టుకుని రానంటే రానంది. వచ్చాక ఇక ఆగలేదు. ముప్పై మూరలు! ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే లావు. ఇంత అందమైనదాన్నా తొమ్మిదేళ్ళు తిట్టిపోశాను!

తొడుగంతా ఒలిచి, పాపాయి ఒక ముక్కను రెండు కొసలూ కలిసేదాకా వంచింది. విరగలేదు. వదిలితే మళ్ళీ నిటారుగా సాగింది.

"అండమాను సరుక్కి ఏం తీసిపోదండి," అంది. "ఏం అల్లమంటారు?"

"కుర్చీ," అన్నారాయన. "మా ఆవిడకి."

"నాకా? నేనెప్పుడు అడిగాను?"

"తొంభై రెండులో. డాక్టరుగారి వరండాలో పేము కుర్చీలో కూర్చుని, లేవబుద్ధి కావట్లేదన్నావు."

"అయ్యో రామ! ఒక కుర్చీ కొనిపడేస్తే పోయేది కదండీ!"

ఆయన తల గోక్కున్నారు. "రైతుని కదే. నాటాలనే తోచింది."

చేతులు మండుతున్నాయని వంక పెట్టి, పాపాయి ముందే ఏడ్చేశాను.