ఏడో నంబరు ప్రెస్సు

“ఆయన మనింటికి ఎందుకొస్తున్నట్టు? నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. నిన్ను కూడా పనిలోంచి తీసేస్తామని చెప్పడానికేనంటావా?”

భర్త పలకలేదు. కూతురి కుడిచేతి వేళ్ళు మూడు కంచాలు కొట్టే ప్రెస్సు కింద నలిగిపోయిన రోజు నుంచి అతను నోరు విప్పలేదు. ఇవాళ్టికి పదకొండు రోజులు. ప్రశ్నా ఆమెదే, జవాబూ ఆమెదే. పిల్ల కట్టు మీద ఈగలు వాలకుండా తువ్వాలుతో విసురుతూ, “చీము పడుతుందేమో, మళ్ళీ జ్వరమొస్తుందేమో” అంటూనే ఉంది.

“రాని జ్వరానికి ఇప్పట్నుంచే మందేస్తావా ఏంటమ్మా?” అంది పిల్ల.

వస్తానని కబురు పంపిన మనిషిని ఊళ్ళో అందరూ ఎంపీగారనే అంటారు. రేకుల షెడ్డులో ఒక్క ప్రెస్సుతో, తన చేత్తోనే నూనె పోసుకుంటూ స్టీలు కంచాలు కొట్టడం మొదలుపెట్టాడు. ప్రెస్సులు అరవై అయ్యాక, ఉన్న ఎంపీ చనిపోతే వచ్చిన ఉపఎన్నికలో గెలిచాడు. పద్నాలుగు నెలలకే సభ రద్దయింది. మళ్ళీ నిలబడితే డిపాజిట్టు కూడా దక్కలేదు. పదవి పోయినా పిలుపు మాత్రం ఇరవై ఏళ్ళుగా అంటిపెట్టుకునే ఉంది. సభలో ఒకే ఒక్కసారి, నాలుగు నిమిషాలు మాట్లాడాడు: కూలీల చేతులు లోపలికి పోకుండా ప్రతి యంత్రానికీ ఇనుప గార్డు బిగించి తీరాలని. ఆ ప్రసంగానికి ఫ్రేము కట్టించి ఫ్యాక్టరీ గేటు దగ్గర తగిలించారు.

ఆమె దాన్ని కూడబలుక్కుని చదివింది. ఆ ధైర్యంతోనే పిల్లని ఏడో నంబరు ప్రెస్సు మీదికి పంపింది. పైగా అక్కడ గార్డులు బిగించే ఫిట్టరు పిల్ల తండ్రే. అయినా రోజూ పొద్దున్నే “గార్డు చూసుకో” అని పిల్లకీ, “గట్టిగా బిగించావా” అని భర్తకీ చెప్పేది. ఇద్దరూ ఊఁ కొట్టేవాళ్ళు.

గార్డు ఉంటే గంటకి నాలుగు వందల కంచాలు. లేకపోతే ఆరు వందలు. ఈ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

ఎంపీగారు పళ్ళ సంచీ తనే మోసుకుంటూ వచ్చాడు. స్టూలు మీద కూర్చుని పిల్ల తల నిమిరాడు. కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి.

“తల్లీ, రేపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. గార్డు నువ్వే విప్పుకున్నావని కాగితం రాయించాను. నేనున్నంత కాలం నీకు ప్యాకింగులో పని. లేదంటే ఫ్యాక్టరీకి తాళం పడుతుంది, నాలుగు వందల మంది రోడ్డున పడతారు. ఎడంచేతి బొటనవేలు చాలమ్మా.”

“నేను విప్పలేదండీ. నేను చేరిన రోజు నుంచీ దానికి గార్డే లేదు.”

తల్లి చప్పున భర్త వైపు చూసింది. అతను గోడ వైపు తిరిగాడు.

ఆమెకి తెలిసింది. తెలిసినా భయమే గెలిచింది. భర్త పని కూడా పోతే అద్దె ఎవరు కడతారు? పిల్ల కట్టు ఎవరు మార్పిస్తారు?

“నోర్మూసుకో! జ్వరంలో ఏదో వాగుతోందండీ. ముద్ర వేస్తుంది, నేను వేయిస్తాను.”

పిల్ల ఎడంచెయ్యి పిడికిలి బిగించింది. తల్లి ఒక్కొక్క వేలే బలవంతంగా విప్పసాగింది.

“ఏమయ్యా ఫిట్టరూ, సాక్షి సంతకం నీదే. నువ్వైనా చెప్పు. పిల్లే విప్పిందిగా?”

ఫిట్టరు లేచాడు. భార్య గుప్పిట్లోంచి కూతురి చెయ్యి విడిపించాడు. పదకొండు రోజులు వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

“విప్పింది నేనండీ. మీరు విప్పమంటే విప్పాను. రేపు ఇన్‌స్పెక్టర్‌కీ అదే చెప్తాను.”