సేకరణ: ప్రేమ్ సాగర్

"జర పల్లెటూరిదాని లెక్క కనవడాలె. ఆ పెద్ద ముక్కుపుడక పెట్టుకో," అన్నాడు ప్రేమ్ సాగర్. జీవమణి కుక్కర్ అడుగున మాడిన పప్పు గీకుతోంది. పంజాగుట్ట స్టూడియోలో పాట మీద ఇంటర్వ్యూకి ఇద్దరూ పోవాలి. అయినా ఆ కుక్కర్ ఆయన కంటికి ఆనదు, పెళ్ళాం ముక్కు మాత్రం ఆనుతుంది.

ఆమె పుట్టింది అమీర్‌పేటలో, గొంతు సాన పట్టింది చర్చి క్వయర్‌లో, కాపురం ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల మధ్య రెండు గదుల్లో. వరినాట్లు బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప బురదలో కాలు పెట్టి ఎరగదు. జనం జానపదమనుకుంటున్న ఆ పాట ఆమె కట్టింది ఈ సింకు ముందే. చేతులు అంట్లు తోముతుంటే నోరు ఊరుకోక ఒక్కో మాటా పేర్చుకుంది. ఇప్పుడది ఆమె గొంతుతోనే యూట్యూబులో మోగిపోతోంది, పెళ్లి బరాతుల్లో డీజే పెట్టి మరీ ఎగురుతున్నారు. వీడియో కింద మాత్రం 'సేకరణ: ప్రేమ్ సాగర్' అని ఉంది. ఏదో ఊళ్లో ఒక ముసలవ్వ దగ్గర దొరికిందట. ఇదేమిటని అడిగితే, "సింకు కాడ పుట్టిందంటే జానపదమని ఎవడు నమ్ముతడే? పేరు నాదైతేంది, నీదైతేంది, ఇంట్లనే ఉంటది గద," అన్నాడు. "మొగుని పేరు పైకొస్తే కడుపుమంటనా బిడ్డా?" అని అత్తగారు లోయిస్ ఒకటి తగిలించింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే మరి. కడుపు మండిన మాట నిజమే. కానీ వీధిలో పిల్లలు ఆ పాట పాడుకుంటూ పోతుంటే, ఇది నాది అని ఒళ్లు పొంగడమూ నిజమే. ఆ పొంగుకి ఎన్నాళ్లని మూత పెడుతుంది? కుక్కర్ బోర్లించి, ఆదివారం చర్చికి కట్టే చీరతోనే బయలుదేరింది.

స్టూడియోలో యాంకర్ మంజూష ముందు ప్రేమ్ సాగర్‌నే పలకరించింది. ఏ పొలంగట్టున, ఏ అవ్వ నోట ఆ పాట విన్నాడో ఆయన గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. జీవమణి ఓపిగ్గా విన్నది.

"మేడమ్, మీరొక చరణం పాడండి. అచ్చం ఆ అవ్వ పాడినట్టే," అంది మంజూష.

జీవమణి గొంతు సవరించుకుని అదే బాణీలో ఎత్తుకుంది.

"అమీర్‌పేట మెట్రో కింద ఆటో కోసం నిలవడితే
సంచి మోసిన చెయ్యి నాది, వండిన పేరు నీదంటివి..."

కెమెరా వెనక ఉన్నవాళ్లు కూడా తలలూపారు. ప్రేమ్ సాగర్ ముఖాన నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

"ఈ చరణం వీడియోలో లేదే," అంది మంజూష. "ఇది సార్ ఎక్కడ సేకరించారు?"

జీవమణి నిటారుగా కూర్చుంది.

"సార్‌కు ఇంకా దొరకలేదమ్మా. గిప్పుడే కట్టిన, మిగతా చరణాలు కట్టినట్టే."