సన్నాయి లాయ్‌షున్ వంకర నోరు

పొద్దున్నే కొర్రజావ తాగుతూ మా ఆయన చొక్కా మీద పోసుకుంటుంటే, మళ్లీ ఏదో వేషం మొదలుపెట్టాడనుకుని పగలబడి నవ్వాను. నన్ను నవ్వించడానికి ఆయన ఇంతకంటే పిచ్చి పనులు చాలా చేశాడు. కానీ ఆయన గిన్నె కింద పెట్టి, తువ్వాలుతో గడ్డం తుడుచుకుని, "నవ్వకే, నోరు మూతపడట్లేదు," అన్నాడు. ఆ మాట కూడా పెదవుల మధ్య గాలి జారిపోతూ వచ్చింది.

దగ్గరికెళ్లి చూశాను. ముఖంలో కుడిపక్క నా మొగుడే ఉన్నాడు. ఎడమపక్క మాత్రం ఎవరో నిద్రపోతున్నట్టుంది. చెంప జారిపోయింది, నోటి చివర కిందికి వేలాడుతోంది. రెప్ప వేయమంటే కుడికన్ను మూసుకుంది, ఎడమకన్ను నా వైపే చూస్తూ ఉండిపోయింది. నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

మా ఆయన పేరు బాయ్ లాయ్‌షున్. మా కొండ ఊళ్లల్లో పెళ్లయినా చావయినా సువోనా సన్నాయి మోగాల్సిందే, అందులో మా ఆయన్ని ఎరగని ఊరు లేదు. నేను ఆ మేళంలోనే తాళాలు కొడతాను. ముందురోజు ఓ పెళ్లిలో ఆయన చెమటలు కారేలా ఊది, ఇంటికొచ్చేటప్పుడు మూడు చక్రాల బండి వెనక వాయిద్యాల మధ్య పడుకుని నిద్రపోయాడు. వసంతకాలం చలిగాలి దారి పొడుగునా ఎడమ చెంప మీదే కొట్టింది. "ఆ గాలే లోపలికి దూరింది," అని వీధిలో అందరూ తేల్చేశారు.

పక్షవాతమేమోనని భయపడ్డాను. ఆయన అక్క గుయ్‌యింగ్ వదిన, నేను, చెరో పక్కా పట్టుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు కనుబొమలు ఎత్తమన్నాడు, చేతులు చాపమన్నాడు, నడిపించాడు, తలకి ఫొటో తీయించాడు.

"భయపడకండి. మెదడులో ఏమీ లేదు," అన్నాడు చివరికి.

"అది మాకు వాడి చిన్నప్పటి నుంచీ తెలుసండీ," అంది వదిన. "వాడి నోటి సంగతి చెప్పండి."

ముఖానికి వెళ్లే నరం వాచిందట. మాత్రలు రాశాడు, మూతపడని కంట్లో వేయడానికి చుక్కల మందు ఇచ్చాడు, కింది అంతస్తులో సూదుల వైద్యం గది ఉంది, అక్కడ కూడా చూపించుకోమన్నాడు. సూదులు అన్న మాట చెవిన పడగానే మా ఆయన మెట్లు దిగడం మొదలుపెట్టాడు. కింది అంతస్తు దగ్గర ఆగలేదు. తిన్నగా రోడ్డు మీదికే వెళ్లిపోయాడు.

కాళ్ల దగ్గర టపాకాయలు పేలుతున్నా స్వరం తొణకనివ్వని మనిషి ఆయన. అలాంటివాడు ఇంటికొచ్చి నాతో, "మాత్రలు చాల్లేవే. ముఖం మీద సూదులేంటి? నేనేమన్నా కుట్టుకోడానికి గుడ్డనా?" అన్నాడు.

ఆ సందు దొరికింది మా వదినకి. ఆమె సంతనుంచి పాములా ఉండే బతికున్న ఈల్ చేప తెచ్చి, దాని నెత్తురు తమ్ముడి చెంపకి పట్టించింది. తాతలనాటి మందట. వద్దన్నా వినలేదు. ఎండి నల్లగా అట్టకట్టిన ఆ ముఖంతో ఆయన వాకిట్లో కూర్చుంటే, వీధిలో పిల్లులన్నీ వచ్చి చుట్టూ చేరాయి. ఒకటి ఒళ్లోకెక్కి గడ్డం నాకడం మొదలుపెట్టింది. మూడోరోజుకి నేను పడుకునే గదిలో ఆ కంపు భరించలేక, "ఇంక చాలు. ఆ సూదుల దగ్గరికి వస్తావా, పిల్లులతో కాపురం చేస్తావా?" అని అడిగాను.

నిజం చెప్పాలంటే నన్ను కదిలించింది కంపు కాదు. ఆయన ఎడమకన్ను తెరుచుకునే నిద్రపోతున్నాడు. ఆ కన్ను మీద నేను తడిగుడ్డ కప్పి, అది జారినప్పుడల్లా సర్దుతూ కూర్చుంటున్నాను.

సూదుల గదిలో వరసగా మంచాలు, మంచానికి మంచానికి మధ్య తెర, ఎర్రగా వెలిగే వేడి దీపాలు. మాచిపత్రి కాల్చిన పొగ వాసన గుప్పున కొట్టింది. సూదులు వేసే యెన్ డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి, కళ్లజోడు తాడుకట్టి మెడలో వేలాడుతోంది. మా ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది, నాలుక చాపమంది. ఆ నాలుక కూడా ఓ పక్కకే వచ్చింది.

"ఏమన్నా తిన్నారా?" అని అడిగింది.

"తిన్నాను," అన్నాడు ఆయన. అది అబద్ధం. భయంతో ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు, నాకూ ఆ సంగతి తర్వాతే తెలిసింది.

రెండు సూదులు పడ్డాయో లేదో, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నుదుటి మీద చెమట. "చియావోలియన్, దీపాలు ఆర్పేశారా?" అన్నాడు నాతో. నేను కెవ్వున అరిచాను. డాక్టరమ్మ మాత్రం అరవలేదు, పరిగెత్తలేదు. సూదులు లాగేసి, తలకింద దిండు తీసేసి, కాళ్లు ఎత్తిపెట్టించి, చక్కెర వేసిన వేడినీళ్లు తెప్పించింది. కాసేపటికి ఆయన పెదవులకి రంగొచ్చింది.

"ఖాళీ కడుపుతో, భయంతో వస్తే ఇలాగే కళ్లు తిరుగుతాయి," అంది ఆమె. "ప్రమాదమేం లేదు. ఇవాళ్టికి ఇంటికెళ్లండి. రేపు నూడుల్స్ తిని రండి. నాకు నిజం చెప్పండి."

పక్క తెర వెనకనుంచి ఓ ఆడగొంతు వినిపించింది. "అంత పెద్ద సన్నాయి ఊదే మొగాడు రెండు సూదులకే పడిపోయాడా? నాకు భుజం నిండా దిగి ఉన్నాయి, కావాలంటే వచ్చి లెక్కపెట్టుకో!"

ఆమె టోఫు అమ్మే జియా అత్తయ్య. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవక రోజూ వచ్చేది. తెరపక్కన మంచం ఆమెదే.

ఆ మాట మా ఆయనకి చురుక్కుమంది. మర్నాడు పెద్దగిన్నెడు నూడుల్స్ తిని, ఎవరూ లాక్కెళ్లకుండానే వచ్చి పడుకున్నాడు. డాక్టరమ్మ ముందుగా అన్నీ చెప్పింది. నరం ఇంకా వాపు మీద ఉంది కనక మొదట్లో ముఖం మీద తక్కువ సూదులు, అవీ పైపైన. చల్లనీళ్లతో ముఖం కడగకూడదు, గాలిలో తిరగకూడదు, బయటికెళ్తే టోపీ, మాస్కు. తగ్గేదాకా నోటితో సన్నాయి ఊదకూడదు. డాక్టరిచ్చిన మాత్రలు మానకూడదు.

"ఎన్నాళ్లకి తగ్గుతుంది డాక్టరమ్మా?" అని నేను అడిగాను.

"వారాలు పడుతుంది. చాలామందికి మామూలైపోతుంది, కొందరికి కొంచెం మిగులుతుంది. ఇప్పుడే మాటివ్వలేను."

ఆ జవాబుతో నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. ఖాయంగా తగ్గిస్తానన్న వాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు.

వెంట్రుకంత సన్నటి సూది. చెవి కింద ఒకటి, బుగ్గ మీద ఒకటి, నోటి చివర ఒకటి. అవి గుచ్చేటప్పుడు దోమ కుట్టినట్టుందన్నాడు. తర్వాత ఆమె ఆయన కుడిచెయ్యి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఇంకొకటి దింపింది.

"అమ్మా, జబ్బు నోట్లో కదా, చేతికెందుకు?"

"మీరు సన్నాయి మీద వేళ్లు పెట్టేది మధ్యలో. స్వరం మారేది గరాటు చివర. నన్ను అడుగుతారేం?" అంటూ ఆమె సూదిని మెల్లగా మెలితిప్పింది. "ఏమైనా తెలిసిందా?"

"నొప్పి కాదు... ఏదో సలుపులా, బరువుగా... మోచేతి దాకా పాకుతోంది... అమ్మో!"

"అదే కావాలి నాకు. ఇంక కదలకండి, మాట్లాడకండి." దీపం ముఖం మీదికి తిప్పి, టైమైతే మోగే గంట టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది.

మాట్లాడకుండా ఉండటం మా ఆయనకి సూదులకంటే కష్టం. ఆయన మాట్లాడలేడని తెలిసి జియా అత్తయ్య రెచ్చిపోయేది. తన కోడళ్లు, టోఫు విరిగిపోయిన రోజులు, పక్క దుకాణం వాడి కల్తీ, అన్నీ తెర అవతలనుంచి చెప్పేది. ఆయన "ఊఁ" అనేవాడు. మూడు నాలుగు సార్లు వెళ్లేసరికి వేడి దీపం కింద గురక కూడా పెట్టాడు. ఒకసారి బుగ్గ మీద శనగగింజంత నీలి మచ్చ వస్తే, అది రెండు రోజుల్లో పోతుందంది డాక్టరమ్మ. అలాగే పోయింది. మిగతా ముఖంలో మాత్రం మార్పు లేదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి బుగ్గలు పూరించమంటే, గాలి ఎడమపక్కనుంచి తుస్సుమనేది. ఆయన అద్దాన్ని గోడవైపు తిప్పేశాడు.

ఇంతలో ఎప్పుడో ఒప్పుకున్న పెళ్లి ఒకటి వచ్చిపడింది. మేళంలో రెండో సన్నాయి ఊదడానికి మా ఆయనకి తమ్ముడి వరసయ్యే షువాన్‌జూ ఉన్నాడు, లాగించేస్తాడు. మా ఆయన టోపీ, మాస్కు పెట్టుకుని డప్పు కొట్టడానికి వచ్చాడు. కానీ పెళ్లికూతురి మేనమామ ఊరుకోలేదు. "లాయ్‌షున్ సన్నాయని మావాళ్లందరికీ చెప్పాను. నువ్వు దొంగలా ముఖం కప్పుకుని డప్పు కొడతావేంటయ్యా? మేమేం తక్కువ చేశాం?" అన్నాడు. జనం గోల మొదలుపెట్టారు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన లేచి, చిన్న సన్నాయి అందుకుని, మాస్కుని ముక్కు కిందిదాకా మాత్రమే దించాడు. పీకని ముక్కుపుటంలో పెట్టుకుని ఊదాడు!

కుర్రతనంలో తిరునాళ్లలో నేర్చిన విద్యట. అసహ్యంగా ఉందని పెళ్లయిన ఏడాదే నేను మాన్పించాను. ఇప్పుడు నోటి మీద మాస్కు అలాగే ఉంచి ముక్కుతో కోడిపుంజు కూత, పెట్ట జవాబు, పెళ్లికూతురి ఏడుపు, అన్నీ పలికించేశాడు. జనం ఈలలు, కేకలు. ఆ మేనమామ బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. నాకు నవ్వాగక తాళాలు తప్పాయి. మాస్కు వెనక వంకర నోరుందని ఒక్కడూ అనుకోలేదు.

ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో మాకంటే ముందే సూదుల గదికి చేరింది. మర్నాడు డాక్టరమ్మ ముందు సూదులన్నీ దింపింది. తర్వాత ఫోను ఆయన కళ్ల ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"నోటితో ఊదొద్దన్నారు కదమ్మా. ఊదలేదు."

"గాలిలో తిరగొద్దన్నాను కూడా," అంది ఆమె. కానీ ఆమె పెదవులు నవ్వు బిగబట్టుకున్నట్టున్నాయి. "ముక్కుకి కూడా రెండు సూదులు వెయ్యనా?"

తెర అవతలనుంచి జియా అత్తయ్య అందుకుంది. "ఇదిగో లాయ్‌షున్! మా చిన్నోడి పెళ్లికి నువ్వే రావాలి. కానీ ఆ సన్నాయి బాగా కడిగి పట్రావయ్యా, మా వియ్యాలవారు కాస్త శుభ్రం మనుషులు!"

మా ఆయనకి నవ్వొచ్చింది. నవ్వకూడదని బిగబట్టాడు, ఆగలేదు. నేను మంచం కాళ్లవైపు నిలబడి ఉన్నాను. ముందు కుడి చెంప లేచింది. తర్వాత, సూదుల కింద, ఎడమ నోటి చివర సన్నగా వణికి, బియ్యపుగింజంత పైకి జరిగింది.

"డాక్టరమ్మా!" అన్నాను.

ఆమె అప్పటికే కళ్లజోడు పెట్టుకుని వంగి చూస్తోంది. "మళ్లీ నవ్వండి."

అడిగితే నవ్వు ఎక్కడొస్తుంది? ఆయన కొయ్యలా పడుకున్నాడు. "అత్తయ్యా, ఇంకోటి చెప్పండి!" అని నేను బతిమాలితే, రోజూ ఆగకుండా మాట్లాడే ఆ మనిషికి ఒక్క మాటా తోచలేదు. "ఏం చెప్పనే... టోఫు..." అని ఆగిపోయింది. ఆ 'టోఫు'కే ఆయన మళ్లీ నవ్వాడు. మళ్లీ కదిలింది. నేను మంచం పట్టీ పట్టుకుని ఏడ్చేశాను, మా ఆయన కదలకూడదు కనక కళ్లతోనే నన్ను తిట్టాడు.

అక్కడినుంచి రోజుకింత చొప్పున ముఖం వెనక్కొచ్చింది. ముందు నోరు, తర్వాత బుగ్గ. కన్ను ఆఖరున మూతపడింది. ఆ రోజు ఆయన రెండు కళ్లూ మూసుకుని మధ్యాహ్నమంతా నిద్రపోతే, నేను లేపలేదు. సూదుల వల్ల తగ్గిందా, మాత్రల వల్లా, దానంతటదేనా అని మా వదిన అడిగితే, "మూడూ కలిసే అనుకోండి," అంది యెన్ డాక్టరమ్మ. వదిన మాత్రం ఇప్పటికీ ఈల్ చేప అంటుంది.

జియా అత్తయ్య చెయ్యి భుజం పైదాకా లేచింది. కొడుకు పెళ్లినాడు ఆ చేత్తోనే కోడలి ముసుగు తీసింది. మా ఆయన నోటితోనే ఊదాడు, పొద్దుగూకేదాకా.

ఒక్కటే మిగిలింది. పై స్వరానికి పెదవులు బిగించినప్పుడల్లా ఎడమకన్ను దానంతటదే మూసుకుంటుంది. నరం అలా అతుక్కుంది, కొన్నాళ్లకి తగ్గొచ్చంది డాక్టరమ్మ. ఆ పెళ్లిలో ముందు వరసలో కూర్చున్న వియ్యపురాలి చెల్లెలు పైస్వరం వచ్చినప్పుడల్లా సిగ్గుపడి తల దించుకోవడం నేను చూశాను. మేళం ఆగాక ఆమె నా దగ్గరికొచ్చి, "ఆ సన్నాయి ఆయన ఎవరండీ, అంత కొంటెగా చూస్తున్నాడు?" అని అడిగింది.

"నా మొగుడే," అన్నాను. "స్వరం బాగా కుదిరిందా?"

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని పరుగెత్తింది. మా ఆయన ఏమీ తెలియనట్టు మళ్లీ పైస్వరం అందుకున్నాడు.